శనివారం బియ్యం సంచి

మొన్న పొద్దున కుక్కర్లో బియ్యం పోస్తూ, కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి మళ్ళీ డబ్బాలో వేశాను. పక్కన కాఫీ కలుపుతున్న కోడలు చూసి, "అదేంటత్తయ్యా, కొలిచేదీ మీరే, తగ్గించేదీ మీరేనా?" అంది. తను అనేదాకా నేనాపని చేశానన్న సంగతి నాకే తెలియదు. ఎన్నాళ్ళుగానో ఇలాగే చేస్తున్నానట. మా ఇంట్లో అన్నం ఎప్పుడూ ఒక ముద్ద తక్కువ పడటానికి కారణం ఇన్నాళ్ళకి దొరికిందని నవ్వింది. ఎందుకో చెప్పబోయాను గానీ, అది కాఫీ చల్లారేలోపు చెప్పగలిగే సంగతి కాదు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

అమ్మా నాన్నా ఇద్దరూ బాపట్లలో టీచర్లు. తమ్ముడు పుట్టాక నన్ను రేపల్లెలో మామ్మ దగ్గర ఉంచారు. మామ్మంటే నాన్నకి అమ్మ. ఆవిడకి తోడుగా ఉంటానని నన్ను పంపారో, నా ప్రశ్నలు పడలేక పంపారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అప్పట్లో అడగటం నాకో జబ్బు. రైలు వెనక్కి వెళ్ళేటప్పుడు ఇంజను మొహం ఎటు ఉంటుంది, చేపలు నిద్రపోతాయా, దేవుడు తెలుగులో వింటాడా అని నోరు మూతపడేది కాదు. మామ్మ మాత్రం విసుక్కునేది కాదు. జవాబూ చెప్పేది కాదు. "చూడు, నీకే తెలుస్తుంది" అనేది. అంతకన్నా విసుక్కుంటేనే నయమనిపించేది.

మామ్మ మా చర్చి సంఘంలో పనిచేసేది. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసి, జబ్బుపడ్డవాళ్ళని పలకరించి, కాన్పయినవాళ్ళకి కాయం మందు అందించి వచ్చేది. అంచు లేని తెల్లచీర, నల్ల గొడుగు, పాత దిండుగలీబుతో కుట్టిన సంచి. పేటలో అందరూ పెద్దమ్మగారనేవాళ్ళు. ఆవిడ గొడుగు టకటక వినపడితే పిల్లలు గోళీలాట ఆపి లేచి నిలబడేవాళ్ళు, ఎందుకో వాళ్ళకీ తెలియదు.

ఆ సంచి సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఇంటావిడ ఒక గుప్పెడు తీసి ఆ ముంతలో వేసేది. దేవుడి గుప్పెడు అనేవాళ్ళం. శనివారం మధ్యాహ్నం మామ్మ వెళ్ళి సంచి పడితే, వారం రోజుల గుప్పెళ్ళూ అందులో బోర్లించేవాళ్ళు. ఆదివారం ఆరాధనలో దాన్ని ప్రభువు బల్ల ముందు పెట్టి ప్రార్థన చేశాక, ఆ వారం ఎవరింట్లో కష్టం ఉంటే ఆ ఇంటికి వెళ్ళేవి ఆ బియ్యం. నలభై ఇళ్ళ బియ్యం కదా, వండితే ఒక మెతుకు చిమిడిపోయేది, ఒక మెతుకు పలుకుగా ఉండేది. ఏ ఇంట్లో అయినా అలాంటి అన్నం కంచంలో కనిపిస్తే వాళ్ళకేదో కష్టం వచ్చిందని నాకు తెలిసిపోయేది.

నేను మామ్మ వెంట తిరిగింది భక్తితో కాదు. పచ్చి బియ్యం నమలటానికి. సంచి మోసే వంకతో దోసిట్లో ఇన్ని పోసుకుని దవడకి పెట్టేదాన్ని. కళ్ళు మూసుకుని వాసన చూసి ఏ ఇంటి బియ్యమో చెప్పటం నా ఆట. వేపాకు వాసన వస్తే టైలరింటివి, ఎండుమిరపకాయల ఘాటు తగిలితే కాంపౌండరు గారివి, ఎండుచేపల వాసనైతే అడవులదీవి నుంచి వచ్చి స్థిరపడ్డ పడవ మేస్త్రీ ఇంటివి. ఈ విద్యకి మామ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. "ముక్కుకి పనిచెప్పింది చాలు, కాళ్ళకి చెప్పు" అంది.

నాకు అన్నిటికన్నా అంతుపట్టనిది మాత్రం ఒకటుంది. ఏ ఇంట్లో కష్టం వచ్చినా మామ్మ లోపలికి వెళ్ళి తలుపు ఓరగా వేసేది. నేను అరుగు మీద కూర్చునేదాన్ని. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు ఆగి, గిన్నెల చప్పుడు వినపడేది. ఆ తర్వాత పొగ వచ్చేది. రెండు రోజులుగా మంచం దిగని మనిషి లేచి పొయ్యి వెలిగించేలా మామ్మ ఏం చెబుతోంది? ఏ వాక్యం అది? అది నాకు తెలిస్తే ఎంత గొప్పదాన్నవుతానో ఊహించుకునేదాన్ని.

చెప్పటంలో అసలు పేరున్నది మా సంఘపెద్దకి. ఆయన గొంతు మైకక్కర్లేని గొంతు. నడుం పట్టేసిన ఒక వడ్రంగి మంచం పక్కన కూర్చుని, పూర్వం భక్తులు పడ్డ శ్రమలన్నీ వరసగా వినిపించారు. పాపం ఆ వడ్రంగి లేవలేడు, అటు తిరగలేడు, గంటన్నరా విన్నాడు. ఆయన వెళ్ళాక నొప్పి ఎలా ఉందని అడిగితే, చెవుల్లోకి పాకిందన్నాడు. ఆయన మంచివారే, తన పొలంలోంచి మొదటి పనసకాయ మాకే పంపేవారు. ఓదార్చటమంటే చెప్పటం అనుకునేవారు, అంతే.

ఒకరోజు ఉండబట్టలేక తలుపు సందులోంచి తొంగిచూశాను. భర్త పోయిన ఒకావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మామ్మ వంటింట్లో డబ్బాలు తెరిచి మూస్తూ, "ఉప్పెక్కడ పెట్టావే, నాకు కనపడదు" అంటోంది. ఉప్పు జాడీ ఆవిడ మోచేతి పక్కనే ఉంది. చివరికి ఆవిడే విసుగ్గా లేచి వచ్చి చూపించింది. ఇదా ఓదార్పు? నాకు ఒళ్ళు మండింది. అంతటితో ఆగలేదు మామ్మ. సంచిలోంచి బియ్యం చేటలో పోసి, ఖాళీ ముంత తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "శనివారం వస్తా" అంది. అంటే ఇచ్చిన బియ్యంలోంచే గుప్పెడు గుప్పెడు తిరిగి పెట్టమని. చావు ఇంట్లో కూడా ముంత అడగటమేంటని సంఘపెద్ద ముఖం మీదే అనేవారు, పెద్దమ్మగారి గుండె రాయి అని నీళ్ళపంపు దగ్గర ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవాళ్ళు. నేను పైకి అనలేదు గానీ వాళ్ళ పక్షమే.

ఆ ఏడు వానలు వెనకబట్టి, కోతల ముందు దాకా కురిశాయి. కాలవగట్టు జారుడుబల్లయింది. బట్టలు ఆరక, ఊళ్ళో ఎక్కడ చూసినా ముక్కిన వాసన, దాని మీద ఊకపొయ్యిల పొగ. తెనాలి రైలు వచ్చే దారిలో ఊరి చివర ఒక గేటు ఉంది. ఆ గేటు కాసే ఆయన మా సంఘం మనిషే, నాకు గేటు బాబాయి. పట్టాల పక్కన రైల్వేవాళ్ళ ఒక్కగది ఇల్లు. ఆయన భార్య గేటు పిన్ని. పాటలో పిన్ని గొంతు ముందుండేది, మిగతావాళ్ళం వెనక పడి వెళ్ళేవాళ్ళం. వాళ్ళకి ఒక్కతే కూతురు, బళ్ళో నా బెంచీ. నా వయసే, నా ఎత్తే. ఇద్దరికీ ఒకే దుకాణంలో ఒకే తానులో కొన్న నీలం రిబ్బన్లు. దానికి లెక్కలు వచ్చు, నాకు నోరు వచ్చు, ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం.

దానికి జ్వరం వచ్చింది. ఊళ్ళో తగ్గలేదు, తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పదో రోజు అదే రైల్లో తెచ్చారు. రైలు గేటు దగ్గర ఆగింది, ఎప్పుడూ ఆగదు.

సమాధి అయిన మూడో రోజు ఆదరణ కూడిక పెట్టారు. మాలో అది రివాజు, పోయినవాళ్ళ ఇంట్లో అందరూ చేరి వాక్యం చెప్పి, పాడి, ప్రార్థించి వస్తారు. సంఘపెద్ద చాలాసేపు మాట్లాడారు. పిన్ని వినలేదు. ఏడవలేదు. నన్ను చూసింది. తలలో రిబ్బను దగ్గర్నుంచి కాళ్ళదాకా చూసి, మళ్ళీ పైకి చూసింది. కోపం కాదు, ఏమీ కాదు, ఊరికే చూపు. నేను బతికుండటం తప్పేమో అనిపించింది. ఇంటికి రాగానే రిబ్బన్లు విప్పి పెట్టె అడుక్కి తోశాను. బయల్దేరేముందు మామ్మ మాత్రం వాళ్ళ పొయ్యి పక్కన ముంత ఉందో లేదో చూసి, పిన్ని భుజం మీద చెయ్యి వేసి, "శనివారం వస్తా" అని వచ్చింది.

కానీ వెళ్ళలేకపోయింది. శుక్రవారం చేలగట్టున పోతుంటే మామ్మ అరికాల్లో తుమ్మముల్లు విరిగింది. కాలు వాచి, కాంపౌండరు గారు కోసి కట్టుకట్టి, నెల్లాళ్ళు గడప దాటొద్దన్నారు. సంచి నా చేతికొచ్చింది. "అన్ని ఇళ్ళూ ఒకెత్తు, గేటిల్లు ఒకెత్తు. ఏది మానినా అది మానకు" అని రెండుసార్లు చెప్పింది.

ముప్పైతొమ్మిది ఇళ్ళు తిరిగాను. గేటు దాకా వెళ్ళాను కూడా. కిటికీలోంచి పిన్ని కనపడుతుందేమోనని తల వంచుకుని, పట్టాలు దాటి అవతలి ఇంటికి వెళ్ళిపోయాను. పాపం పిల్ల పోయినావిడని బియ్యం అడుగుతామా, నేను మామ్మలా రాతిగుండెదాన్ని కాదు అనుకున్నాను. ఇంటికొచ్చి, మామ్మ చూడకుండా మా డబ్బాలోంచి ఏడెనిమిది గుప్పెళ్ళు తీసి సంచిలో కలిపేశాను. దేవుడి లెక్క సరిపోయింది, పిన్నికి శ్రమ తప్పింది, ఇంతకన్నా మంచిపని ఎవరు చేస్తారు? ఆ సాయంత్రం ప్రార్థనలో నన్ను నేను మెచ్చుకున్నాను.

"గేటు పిన్ని ముంతలో ఉన్నాయా?" అని అడిగింది మామ్మ.

"బాగానే ఉన్నాయి" అన్నాను.

మామ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. వండుకుంటోందన్నమాట, తింటోందన్నమాట అని మంచం మీదే రెండుసార్లు అంది. ఆ ముంతలో బియ్యం ఎన్నుంటే ఆ ఇంట్లో పొయ్యి అన్నిసార్లు వెలిగినట్టని అప్పుడు తట్టింది నాకు. శనివారం శనివారం మామ్మ తిరిగేది సంచి నింపుకోవటానికే కాదు, ముంతలు చూడటానికి. ఎవరూ నోరు విప్పి చెప్పుకోలేనిది ముంత చెప్పేది. తెలిసింది సరే, కానీ అప్పటికే అబద్ధం ఆడేశాను. రెండో శనివారమూ అదే చేశాను, మూడో శనివారమూ ఆ ఇల్లు తప్పించాను.

మూడో శనివారం మధ్యాహ్నం, నేను సంచి దించి ఇంకా కాళ్ళు కడుక్కోకముందే గేటు బాబాయి వచ్చాడు. డ్యూటీలోంచి వచ్చినట్టున్నాడు, ఎర్రజెండా పచ్చజెండా చుట్టి చంకలో ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడ్డాడు. మామ్మ కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దమ్మగారండీ, మమ్మల్ని సంఘంలోంచి తీసేశారాండి?" అన్నాడు.

మామ్మకి అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. మామ్మ వస్తానంది కదాని, కూడిక అయిన మర్నాటి నుంచే పిన్ని తనంతట తాను లేచిందట. ఒక్క పూటే వండేదట, రెండు ముద్దలే తినేదట, కానీ గుప్పెడు మాత్రం మర్చిపోకుండా తీసేదట. శనివారం ముంత తెచ్చి గుమ్మంలో పెట్టి, కిటికీ దగ్గర కూర్చుంది. సంచి గేటు దాకా వచ్చి, తమ ఇల్లు తప్పించి, పట్టాలు దాటి వెళ్ళిపోవటం కిటికీలోంచి చూసింది. మరుసటి వారం మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. చావు ఇల్లు, మైల బియ్యం, వాళ్ళకి అక్కర్లేదు అందట. మనలో మైలేంటే అని ఆయన ఎంత చెప్పినా వినలేదు. వారం రోజులుగా పొయ్యి వెలగలేదు. హోటల్నుంచి ఇడ్లీ తెస్తే కుక్కకి వేస్తోంది. చీరాలలో అక్క దగ్గరికి పంపెయ్యమంటోంది.

"ఒంటరిగా రైలెక్కించాలంటే భయమండి. ఇంట్లో ఉంచాలన్నా భయమేనండి. గుమ్మం దిగితే పట్టాలు. జెండా ఊపుతూ కూడా గుమ్మం వైపే చూస్తున్నానండి" అన్నాడు.

మామ్మ నావైపు చూసింది. నేను గోడకి అతుక్కుపోయాను. కొట్టి ఉంటే బాగుండేది. నాలుగు గంటల బండికి గేటు వెయ్యాలని బాబాయి బయటికి నడిచాక, కట్టు కట్టిన కాలు దించి, దగ్గరికి రమ్మంది. ఆవిడకి శ్రమ ఎందుకని మన బియ్యమే పోశానని ఏడుస్తూ చెప్పాను.

"శ్రమ ఎందుకనా, భయమేసా?" అంది.

అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోని మాట అది. భయమేసిందన్నాను. నన్ను చూస్తే ఆవిడకి అది గుర్తొస్తుందన్నాను.

మామ్మ మెల్లగా అంది. "నాకూ భయమేనే. కష్టమొచ్చిన ప్రతి గుమ్మంలోనూ వెనక్కి తిరిగిపోదామనిపిస్తుంది. పిల్ల పోయినదానికి ఏం చెప్పను? చెప్పటానికి నా దగ్గరేముంది? అందుకే సంచి పట్టుకెళ్తా. ఏదో ఒకటి అడగొచ్చు కదా. అడిగితే, ఇంకా మాకు నువ్వు కావాలి అని చెప్పినట్టు."

ఇన్నాళ్ళు తలుపు సందులోంచి వెతికిన రహస్యం ఇంతేనా అనిపించింది. మామ్మ సంచి దులిపి నా చేతికిచ్చింది. తనూ వస్తానని లేవబోయి, కాలు మోపలేక కూర్చుండిపోయింది. నేను ఒక్కదాన్నే వెళ్ళాలి.

ఆ దారి ఇప్పటికీ తెలుసు నాకు. తడి గడ్డి వాసన, కాలవలో ఎవరో గేదెల్ని కడుగుతున్న చప్పుడు. వెనక్కి తిరిగిపోదామని మూడుసార్లు ఆగాను. గేటు దగ్గర బాబాయి నన్ను చూసి ఏమీ అనకుండా మొహం తిప్పుకున్నాడు. పిన్ని తలుపు తీసే ఉంది. నేలమీద కూర్చుని ఉంది, జుట్టు నూనె లేక ఎర్రబడింది, చెంపలు లోపలికి పోయాయి. గుమ్మంలో నిలబడి, వచ్చేటప్పుడు వల్లించుకున్నవన్నీ మర్చిపోయాను.

"పిన్నీ, బియ్యం కోసం వచ్చాను" అన్నాను. ఆ తర్వాత అంతా ఒక్కసారే వచ్చేసింది. "మూడు వారాలు నేనే రాలేదు. మామ్మకి తెలీదు, ఎవరికీ తెలీదు. నీకు నన్ను చూస్తే బాధ అని, నాకు భయమేసి రాలేదు. నీ పేరు మీద మా ఇంటి బియ్యం పోశాను. మైల అని కాదు పిన్నీ."

నాలుగు గంటల బండి వచ్చింది. ఇల్లంతా అదిరింది, గూట్లో గ్లాసులు గణగణమన్నాయి. అది వెళ్ళిపోయి, చప్పుడు సద్దుమణిగాక పిన్ని అడిగింది.

"మైలని కాదు కదా?"

"కాదు పిన్నీ."

"నా పేరు ఉందా ఇంకా?"

"ఉంది. మామ్మ అన్ని ఇళ్ళూ ఒకెత్తు, నీ ఇల్లు ఒకెత్తు అంది."

పిన్ని గోడ పట్టుకుని లేచింది. గుమ్మం పక్కనున్న ముంతలోకి చూసింది. రెండు వారాల గుప్పెళ్ళు, చీమలు పట్టాయి. అవి కోళ్ళకి చల్లి, ముంత కడిగి బోర్లించి, నన్ను కూర్చోమంది. పొయ్యిలో ఊక కూరింది. నిప్పు అంటుకోవటానికి చాలాసేపు పట్టింది. ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసి, వడ్లు ఏరి, ఒక గుప్పెడు తీసి ముంతలో వేసింది. అంతే కదా అని నేను లేచి సంచి పట్టాను. పిన్ని కదల్లేదు. చేట నాకు దగ్గరగా జరిపింది.

"నువ్వూ ఒకటి తియ్యి. నేను తీశాక రోజూ అదీ తీసేది. చిన్న గుప్పెడు" అంది.

నా చెయ్యి బియ్యంలోకి ఎలా వెళ్ళిందో నాకు తెలియదు. తీసి ముంతలో వేశాను. పిన్ని ఆ గుప్పెడు వైపు చూసి, మిగిలిన బియ్యం కడిగి ఎసట్లో పోసింది. వేడన్నంలో చింతకాయ పచ్చడి, కాల్చిన ఎండుచేప. నేను తింటేగానీ పిన్ని తినలేదు, అందుకని రెండోసారి అన్నం తిన్నాను. నేను ఇంకో ముద్ద పెట్టుకుంటే తనూ ఇంకో ముద్ద పెట్టుకుంది. డ్యూటీ దిగి వచ్చిన బాబాయి గుమ్మంలోనే ఆగి, మమ్మల్ని చూసి, మొహం కండువాలో పెట్టుకున్నాడు.

మామ్మ కాలు మానింది. కానీ గేటింటి ముంత నాదే అయింది. బడి చదువు అయ్యేదాకా ప్రతి శనివారం వెళ్ళి, పిన్ని ఎసరు పెట్టేవేళకి పక్కన కూర్చుని చిన్న గుప్పెడు తీసేదాన్ని. ఓదార్చే మాట ఒక్కటీ అనలేదు, నాకు రాదు కూడా. ఆ తర్వాత ఎన్నో ఇళ్ళకి వెళ్ళాను, ఎన్నో మంచాల పక్కన కూర్చున్నాను. ఇప్పటికీ రాదు.

పై చదువుకి బాపట్ల వెళ్ళిపోయే ముందు వారం, చేటలోంచి బియ్యం తీస్తుంటే పిన్ని నా మణికట్టు పట్టుకుని ఆపింది. నా పిడికిలి తిప్పి చూసి, పక్కన తన పిడికిలి పెట్టింది. రెండూ సమానంగా ఉన్నాయి. ఎప్పుడు పెరిగిందో ఇద్దరం చూసుకోలేదు. పిల్ల పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"దాని చెయ్యీ ఇంతే అయ్యుండేది" అంది.

చాలాసేపు ఏడ్చింది. నేను పిడికిలి తెరవకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను. చివరికి చెంగుతో మొహం తుడుచుకుని, ముంత నా ముందుకి జరిపి, "వెయ్యి. ఎసరు మరుగుతోంది" అంది.